ఏ మాట కింద సంతకం?

"బావా, నేను సాక్షి సంతకమే పెట్టిన గదా. నా మీదికెట్ల వచ్చింది?"

సూరత్ నుంచి వచ్చిన ఫోను అది. మాట్లాడింది మా మేనత్త కొడుకు. పాతికేళ్లుగా లింబాయత్‌లో ఉంటూ మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. పక్క మగ్గం మీద పనిచేసే స్నేహితుడు బండి కొనడానికి ఒక ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకుంటుంటే తోడు వెళ్లాడు. కాగితాలు గుజరాతీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాడు. ఏడాదిన్నర తర్వాత స్నేహితుడు చెప్పకుండా ఊరు విడిచి వెళ్లిపోయాడు. నోటీసు మావాడి ఇంటికొచ్చింది. సంతకం పెట్టిన కాగితం ఫొటో తీసి పంపమన్నాను. సంతకానికి పైన గుజరాతీలో చిన్న అక్షరాలతో "జామీన్‌దార్" అని అచ్చయి ఉంది. ఆ మాట మన తెలుగులోనూ ఉంది, మావాడికీ తెలుసు. లిపి తెలియక దాటేశాడు.

సూరత్‌లో తెలుగువాళ్లు నిన్నమొన్న వచ్చినవాళ్లు కారు. మగ్గం పని తెలిసిన పద్మశాలి కుటుంబాలు తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందటే అక్కడికి చేరాయి. నగరపాలిక నడిపే ప్రాథమిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. అయినా అప్పు కాగితం మీద తెలుగు అక్షరం కనబడదు. అందుకే ఈ నాలుగు మాటలు విప్పి చెప్పాలనిపించింది: జామీను, నోటు, అప్పగింత, ట్రస్టు. నమ్మి సంతకం పెట్టాం, నమ్మి డబ్బిచ్చాం, నమ్మి సరుకు అప్పజెప్పాం, నమ్మి చందా ఇచ్చాం అని మనం అన్నిటికీ ఒకే మాట వాడతాం. చట్టం ఈ నాలుగింటినీ ఒక్క గాటన కట్టదు. ఎవరు ఎవరికి బాకీ, ఎన్నాళ్లదాకా బాకీ, వస్తువు ఎవరిది అనేవి నాలుగింటికీ నాలుగు రకాలుగా తేలతాయి.

ముందు సాక్షి సంగతి. "ఈయన నా కళ్లముందు సంతకం పెట్టాడు" అని చెప్పవలసినవాడు సాక్షి. అప్పు తీరకపోతే కోర్టుకొచ్చి ఆ మాట చెప్పాలి, అంతే. పైసా కట్టనక్కర్లేదు. ప్రామిసరీ నోటుకైతే చట్ట ప్రకారం సాక్షులే అక్కర్లేదు. రేపు సంతకం నాది కాదంటే చెప్పేవాళ్లు ఉండాలని మన ఊళ్లలో ఇద్దరిచేత పెట్టిస్తారు.

జామీనుదారు అలా కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 126వ సెక్షను ప్రకారం జామీను ఒప్పందంలో ముగ్గురుంటారు: అప్పిచ్చినవాడు, అసలు అప్పుదారు, "అతను కట్టకపోతే నేను కడతాను" అన్నవాడు. ఆ మూడోవాడే జామీనుదారు. మన చిట్టీల భాషలో షూరిటీ. 128వ సెక్షను చెప్పేది ఇంకా ముఖ్యం. వేరుగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతకు సరిసమానం. లక్ష బాకీ ఉంటే అతనికీ లక్షే, ఇతనికీ లక్షే. "ముందు వాణ్ణి పట్టుకోండి, వాడి దగ్గర లేకపోతే నా దగ్గరికి రండి" అనే హక్కు జామీనుదారుకు ఉంటుందని ఎక్కువమంది నమ్ముతారు. ఉండదు. బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్ కేసులో కింది కోర్టు ముందు అప్పుదారు మీద ప్రయత్నాలన్నీ చేసి, ఆ తర్వాతే జామీనుదారు దగ్గరికి వెళ్లమంది. 1968లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. అప్పిచ్చినవాణ్ణి ఆగమంటే ఇక జామీను తీసుకుని ఏం ప్రయోజనం అన్నది ఆ తీర్పులోని తర్కం.

జామీను కాగితం మీదే ఉండాలని కూడా ఆ చట్టం అనదు, నోటిమాటైనా చాలంటుంది. కిరాణా కొట్టు ముందు నిలబడి "వానికి ఉద్దెర ఇయ్యి, వాడు కట్టకుంటే నేను కడత" అంటే అది జామీను. "వానికి ఇయ్యి, లెక్క నా పేరు మీద రాయి" అంటే జామీను కాదు, సొంత బాకీ. మొదటిదాంట్లో ముగ్గురున్నారు, రెండోదాంట్లో ఇద్దరే.

ఇద్దరి మధ్యే సాగే హామీ ఇంకొకటి ఉంది. "నా వల్ల గానీ ఇంకొకరి వల్ల గానీ నీకు నష్టం వస్తే పూడుస్తాను" అనేది. చట్టం దీన్ని ఇండెమ్నిటీ అంటుంది (124వ సెక్షను). డిపాజిట్ పత్రం పోయిందని బ్యాంకుకు వెళితే స్టాంపు కాగితం మీద రాయించుకునేది ఇదే. రేపు ఆ పత్రం పట్టుకుని వేరొకరు వస్తే బ్యాంకుకు కలిగే నష్టం మీరు భరించాలి. మిక్సీ కొన్నప్పుడు కొట్టువాడు "రెండేళ్లు గ్యారంటీ" అంటాడు గానీ అది జామీనుతో సంబంధం లేని సంగతి. వస్తువు ఎలా పనిచేస్తుందన్న మాట అది, 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కిందికి వస్తుంది.

మనవాళ్లకు ఈ తేడాలు కొత్త కాదు. జామీనుదారును పాత తెలుగులో పూటకాపు అన్నారు, సంస్కృతంలో ప్రతిభువు. యాజ్ఞవల్క్య స్మృతి ప్రతిభువులను మూడు రకాలుగా విడదీసింది. మనిషిని తెచ్చి నిలబెడతానన్నవాడు ఒకడు, మనిషి మంచివాడని చెప్పి నమ్మించినవాడు ఇంకొకడు, బాకీ తానే కడతానన్నవాడు మూడోవాడు. మొదటి ఇద్దరూ చనిపోతే వాళ్ల కొడుకులు ఏమీ కట్టనక్కర్లేదు, మూడోవాడి కొడుకులు కట్టాలి అని నియమం. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మనిషిని తెచ్చి నిలబెట్టే జామీను ఇవాళ్టి క్రిమినల్ కోర్టులో బెయిలు జామీనుగా బతికే ఉంది. ఆ జామీనుదారు ముద్దాయి అప్పులకు బాధ్యుడు కాడు. ముద్దాయి వాయిదాకు రాకపోతే బాండులో రాసిన మొత్తం పోగొట్టుకుంటాడు. తెలుగులోనూ గుజరాతీలోనూ రెండింటికీ జామీనే కాబట్టి ఏ కోర్టు జామీనో అడిగి తెలుసుకోవాలి. గుజరాతీలో బాంయధరీ అనే ఇంకో మాట కూడా వినబడుతుంది. చెయ్యి పట్టుకోవడం అనే భావంలోంచి పుట్టిన మాట. కాగితం మీద అది కనబడినా హామీ అనే అర్థం చేసుకోవాలి.

జామీనుదారుకు హక్కులూ ఉన్నాయి, వీటి గురించే ఎవరూ చెప్పరు. బాకీ కట్టిన క్షణం నుంచి అప్పిచ్చినవాడి స్థానంలోకి అతను వస్తాడు (140వ సెక్షను). ఆ అప్పుకు తాకట్టు ఉంటే దాని మీద హక్కు ఇతనికి దక్కుతుంది. మావాడి విషయంలో ఆ తాకట్టు బండే. కట్టిన ప్రతి రూపాయీ అసలు అప్పుదారు నుంచి రాబట్టుకోవచ్చు (145). ఇద్దరు ముగ్గురు జామీనుదారులుంటే వేరే ఒప్పందం లేనప్పుడు సమానంగా పంచుకోవాలి (146). ఒక్కడే మొత్తం కట్టి ఉంటే మిగతావాళ్ల వాటా అడగవచ్చు. జామీనుదారు ఒప్పుకోకుండా అప్పు షరతులు మార్చితే ఆ తర్వాతి లావాదేవీలకు అతను బాధ్యుడు కాడు (133). అయితే "మార్పులన్నిటికీ ముందే ఒప్పుకుంటున్నాను" అనే వాక్యం చాలా బ్యాంకు ఫారాల్లో అచ్చయ్యే ఉంటుంది. నాకు ఇది అన్యాయమనిపిస్తుంది. చదవలేని భాషలో రక్షణను వదులుకోమనడం ఒప్పందం ఎలా అవుతుంది?

అప్పుదారు దివాలా తీస్తే? మన వైపు "ఐపీ పెట్టాడు" అంటాం. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్నమాట. సూరత్ బట్టల మార్కెట్‌లో అప్పు మీద సరుకెత్తుకుని కొట్టు మూసి మాయమైతే "ఉఠమణా" అంటారు. ఐపీ కోర్టు గుమ్మం తొక్కే దివాలా, ఉఠమణా రాత్రికి రాత్రి తాళం వేసే దివాలా. ఏదైనా జామీనుదారుకు ఫలితం ఒక్కటే. కోర్టు దివాలాదారుణ్ణి అప్పుల నుంచి విడుదల చేసినా అతని జామీనుదారు విడుదల కాడు.

ఇక నోటు. ప్రామిసరీ నోటు అంటే పేరులోనే ఉంది, వాగ్దానపత్రం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం దీనికి పెట్టిన షరతులు కొద్దే. రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, ఫలానా మొత్తం ఫలానా వ్యక్తికి ఇస్తానని ఉండాలి, ఏ షరతూ ఉండకూడదు. "మా అమ్మాయి పెళ్లయ్యాక ఇస్తాను" అని రాస్తే అది నోటు కాదు. పెళ్లి కాకపోవచ్చు గదా. రెవెన్యూ స్టాంపు మర్చిపోతే ఇంకా కష్టం. మిగతా పత్రాలకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి కోర్టులో చూపించుకోవచ్చు. నోటుకు ఆ వీలు లేదు. రూపాయి బిళ్ల అంటించనందుకు లక్షల నోటు సాక్ష్యంగా పనికిరాకుండా పోతుంది.

నోటుకు ఆయుష్షు మూడేళ్లు. ఆ లోపల దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. అందుకే పెద్దలు నోటు వెనక చెల్లు రాయించుకునేవాళ్లు. గడువు తీరకముందే అప్పుదారు కొంత కట్టి, ఆ సంగతి తన చేత్తో రాసి గానీ సంతకం పెట్టి గానీ ఇస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఒకవేళ కాలదోషం పట్టిపోయినా, "ఆ పాత బాకీ ఇస్తాను" అని కొత్తగా రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను అంటుంది. మామూలుగా ప్రతిఫలం లేని మాటను చట్టం పట్టించుకోదు. కాలదోషం పట్టిన అప్పు దగ్గర మాత్రం మనిషి మనసులో మిగిలిపోయిన బాకీని గుర్తించింది. బాధ్యతకు ఇంగ్లీషులో వాడే మాట కట్టడం అనే లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. మనం మాటకు కట్టుబడ్డాడు అంటాం. చూపు ఒకటే.

నోటుకు అన్నగారి లాంటిది హుండీ. దాని ఊరు అడిగితే ముందుగా చెప్పవలసిన పేర్లలో సూరత్ ఒకటి. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకే అప్పులిచ్చిన వీర్జీ వోరా ఈ ఊరి వర్తకుడు. గోల్కొండ గనుల్లో వజ్రాలు కొన్న ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే మన దేశంలోని నగరాల నుంచి సూరత్ మీద హుండీలు ఎలా రాసేవారో వివరంగా రాశాడు. వాటిలో గోల్కొండ కూడా ఉంది. దారిలో సరుకు దొంగలపాలైతే అప్పిచ్చినవాడి సొమ్మూ పోయేది గనక రేటు హెచ్చుగా ఉండేదట. ఈ పద్ధతి జోఖమీ హుండీ అనే పేరుతో నిలిచింది. సరుకు చేరితేనే డబ్బు, లేకపోతే లేదు. అప్పూ బీమా ఒకే కాగితంలో ఉన్నట్టు. చూపగానే చెల్లించేది దర్శనీ హుండీ, గడువు తర్వాత చెల్లించేది ముద్దతీ హుండీ. పరువు గల షావుకారుకు మాత్రమే చెల్లించవలసింది షాజోగ్ హుండీ. హుండీ పోతే దాని నకలు పేఠ్, అదీ పోతే పర్‌పేఠ్. "పలానా ఊళ్లో ఈ హుండీని తిరస్కరిస్తే మా మీద దయచేసి మీరు గౌరవించండి" అని ముందే ఇంకో షావుకారుకు రాసి పంపే చీటీ జిక్రీ చిట్. జామీను లాంటి ఏర్పాటే, కానీ ఎంత మర్యాదగా ఉందో చూడండి. 1881 చట్టం వచ్చినప్పుడు దేశభాషల్లో రాసే ఇలాంటి పత్రాల స్థానిక ఆచారాలకు భంగం కలగదని దాని మొదటి సెక్షనులోనే రాశారు. తెల్లవాడి చట్టం హుండీని తుడిచెయ్యలేకపోయింది.

మూడో మాట అప్పగింత. సూరత్ మహిధర్‌పురా హీరాబజారులో వజ్రాల బేరం వీధిలోనే జరుగుతుంది. దలాలీలు స్కూటర్ల సీట్ల మీద కూర్చుని, మడతపెట్టిన తెల్లకాగితం పొట్లాన్ని అరచేతిలో విప్పుతారు. పట్టకారుతో ఒక రాయి తీసి, కంటికి భూతద్దం ఆనించి చూసి, మళ్లీ అదే మడతల్లో కట్టేస్తారు. ఆ పొట్లం ఆ దలాలీది కాదు. యజమాని దగ్గర జాంగడ్ చీటీ మీద తెచ్చుకున్నాడు. జాంగడ్ అంటే చూపించడానికి తీసుకెళ్లిన సరుకు. బేరం కుదిరితే డబ్బు, లేకపోతే రాయి వెనక్కి. చేతికొచ్చింది సరుకే గానీ సొత్తు కాదు.

ఇక్కడే పెద్ద తేడా వస్తుంది. అప్పు తీసుకున్న డబ్బు నాదైపోతుంది, తిరిగి ఇవ్వాల్సింది అంత విలువ. ఆ డబ్బుతో నేనేం చేశానో అడిగే హక్కు అప్పిచ్చినవాడికి ఉండదు, అప్పు తీర్చకపోతే సాధారణంగా సివిల్ దావాయే. అప్పగింతలో పెట్టిన వస్తువు నాది కాదు, తిరిగి ఇవ్వాల్సింది ఆ వస్తువే. దాన్ని మోసంగా సొంతానికి వాడుకుంటే నమ్మకద్రోహ నేరం. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను కింద అయిదేళ్ల దాకా జైలు. అందుకే జాంగడ్ చీటీ మీద "సరుకు యజమానిదే, అడిగినప్పుడు వెనక్కి ఇవ్వాలి" అనే వాక్యం ఉండాలి. గడువు దాటినా సరుకు అట్టిపెట్టుకుంటే అది కొన్నట్టే లెక్కకు రావచ్చు. అప్పుడు నేరం కాస్తా బాకీగా మారిపోతుంది, పోలీసు స్టేషన్లో "ఇది సివిల్ వ్యవహారం" అని పంపేస్తారు.

అంగడియాల సంగతీ ఇలాంటిదే. గుజరాత్‌లో తరాలుగా వజ్రాలు, నగదు ఊళ్ల మధ్య చేరవేసేవాళ్లు వీళ్లు. సీలు వేసిన పొట్లం తీసుకుంటారు, సీలుతోనే అప్పజెపుతారు. యాజ్ఞవల్క్యుడు దీనికీ పేరు పెట్టాడు. పెట్టెలో పెట్టి లోపలేముందో చెప్పకుండా దాచమని ఇచ్చేది ఉపనిధి. ఎలా ఇచ్చాడో అలాగే తిరిగి ఇవ్వాలి.

నాలుగో మాట ట్రస్టు. అప్పగింతలో ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఉన్నారు. ట్రస్టులో ఇంకొకరు వస్తారు, అసలు ఏర్పాటంతా వాళ్ల కోసమే. 1882 నాటి ట్రస్టుల చట్టం మాటల్లో ట్రస్టు అంటే ఆస్తి యాజమాన్యానికి అంటుకుని ఉన్న బాధ్యత. ఇది చాలా లోతైన మాట, కాసేపు ఆగి చూడాలి. జాంగడ్ దలాలీ చేతిలో రాయి ఉంది, పేరు యజమానిది. ట్రస్టీ విషయంలో ఆస్తి పేరు కూడా ట్రస్టీదే. దస్తావేజు మీద అతనే హక్కుదారు. కానీ ఫలం అతనిది కాదు, లబ్ధిదారులది. తండ్రిలేని పిల్లల కోసం మేనమామ పేర రాసిన ఇల్లు అనుకోండి. ఇల్లు మామ పేరున ఉంది, అద్దె పిల్లలది. మామ ఆ ఇల్లు తానే కొనుక్కోకూడదు, లాభం తీసుకోకూడదు, లెక్కలు చూపించాలి, తన బాధ్యత ఇంకొకరి నెత్తిన పెట్టి తప్పుకోకూడదు. స్థిరాస్తి అయితే రిజిస్టరు కాగితం కావాలి. నోటుకు మూడేళ్ల కాలదోషం ఉందన్నాను గదా. ట్రస్టు ఆస్తిని మింగిన ట్రస్టీ మీద ఆ ఆస్తిని రాబట్టే దావాకు కాలదోషమే లేదు. లిమిటేషన్ చట్టం 10వ సెక్షను అది. మామ ముప్పయ్యేళ్లు దాచినా పిల్లలు అడగవచ్చు.

1882 చట్టం సొంతవాళ్ల కోసం పెట్టిన ట్రస్టులకే. గుడి, బడి, కులసంఘం భవనం వంటి ప్రజా ట్రస్టులకు గుజరాత్‌లో వేరే చట్టం ఉంది. 1950 నాటి బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టమే పేరు మారి గుజరాత్ పబ్లిక్ ట్రస్టుల చట్టమైంది. ప్రతి ప్రజా ట్రస్టూ చారిటీ కమిషనర్ వ్యవస్థలో నమోదై నంబరు తీసుకోవాలి. ట్రస్టీలు మారితే 90 రోజుల్లో తెలపాలి. కమిషనర్ అనుమతి లేకుండా స్థలం అమ్మకూడదు. మన దగ్గర దేవాదాయ శాఖ చూసే పనిని అక్కడ గుళ్లకే కాక ఇతర ప్రజా ట్రస్టులకూ ఈ వ్యవస్థ చూస్తుంది. సూరత్‌లో తెలుగువాళ్లు సంఘం కోసం ఇంటింటికీ తిరిగి చందాలు వేసుకునేటప్పుడు "నమోదు నంబరెంత?" అని అడగడం అవమానించడం కాదు. ఆ నంబరుంటేనే రేపు లెక్క అడగడానికి దారి ఉంటుంది.

ఇస్తానన్న చందా ఇవ్వకపోతే? 1886లో కలకత్తా హైకోర్టుకు ఇదే వచ్చింది. హౌరాలో టౌన్ హాలు కట్టాలని చందాల పట్టీ తిప్పారు. ఒకాయన 100 రూపాయలు వేశాడు. ఆ పట్టీని నమ్మి నిర్వాహకులు మేస్త్రీతో ఒప్పందం చేసుకున్నారు. ఆయన ఇవ్వనన్నాడు. ఇవ్వాల్సిందే అంది కోర్టు, ఆ మాటను నమ్మి అవతలివాళ్లు బాధ్యత నెత్తికెత్తుకున్నారు గనక. 1914లో అలహాబాద్ హైకోర్టు ముందుకు మసీదు మరమ్మతుకు 500 ఇస్తానన్న మాట వచ్చింది. అక్కడ పని ఏదీ మొదలుకాలేదు. ఆ మాట చెల్లదన్నారు. వట్టి మాటకూ, ఇంకొకరు దాని మీద ఆధారపడి అడుగేసిన మాటకూ మధ్య గీత అక్కడుంది.

మా మేనత్త కొడుకు సంగతి ఇంకా తేలలేదు. వాయిదాలు కొన్ని కట్టాడు, రసీదులు దాచిపెట్టాడు, బండి ఎక్కడుందో కనిపెట్టమని కంపెనీకి రాసి ఇచ్చాడు. వకీలును పెట్టుకునే స్తోమత లేదని బాధపడితే ఒక సంగతి చెప్పాను, సూరత్‌లోనూ భివండీలోనూ షోలాపూర్‌లోనూ మగ్గం నడిపే ప్రతి తెలుగువాడికీ చెబుతున్నాను. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి ఉచితంగా వకీలును పొందే హక్కు ఉంది. ఆడవాళ్లకూ ఉంది, ఆదాయం అడగరు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఆ కార్యాలయం ఉంటుంది. ఫోను నంబరు 15100. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే చెయ్యండి.